పురుగుల బొమ్మల పక్కన నవ్వుల పద్యాలు

సభకు నమస్కారం. 1788లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ప్రచురణకర్త త్సుతయా జూజబురో వెలువరించిన పురుగుల బొమ్మల పుస్తకం గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. చెక్క అచ్చులతో ముద్రించిన ఆ బొమ్మలు కితగావా ఉతమారోవి. వాటి పక్కనున్న పద్యాలు క్యోకాలు.

క్యోకా అంటే 'పిచ్చి పద్యం' అని అర్థం. ఛందస్సు మాత్రం వాకా అనే ఆస్థాన కవుల సంప్రదాయ పద్యానిదే: 5, 7, 5, 7, 7 చొప్పున 31 అక్షరాలు. అంత గంభీరమైన ఛందస్సులో వీధి మాటలు వచ్చి కూర్చోవడంలోనే హాస్యం పుడుతుంది. ఈ పద్యాలను కూర్చిన యదోయ నో మెషిమోరి వృత్తిరీత్యా సత్రం యజమాని. 'సత్రంలో అన్నం వడ్డించేవాడు' అన్నదే అతని కలం పేరు. కవిత్వం భూమ్యాకాశాలను కదిలిస్తుందని పదో శతాబ్దంలో కి నో త్సురాయుకి రాసిన మాటను జపాన్ కవులు శిరోధార్యంగా భావించేవారు. కవికి కవిత్వం చేతకాకపోవడమే మేలని, భూమ్యాకాశాలు నిజంగా కదిలితే తట్టుకోవడం ఎవరి తరమని మెషిమోరి ఒక క్యోకాలో అడిగాడు. పూర్వకవి వాక్యం కంఠస్థమైన వాళ్లకే ఆ నవ్వు పూర్తిగా అందుతుంది.

పురుగుల పుస్తకంలో ఒక్కో బొమ్మలో రెండేసి జీవులు, వాటికి రెండు పద్యాలు. అన్నీ ప్రేమ పద్యాలే. జపాన్ భాషలో శ్లేషకు చోటెక్కువ: 'మత్సు' అంటే పైన్ చెట్టు, ఎదురుచూడటం కూడా, అందుకే మత్సుముషి అనే కీచురాయి పాత కవిత్వంలో విరహానికి గుర్తయింది. క్యోకా కవులు ఆ సంప్రదాయాన్నే తీసుకుని అల్లరి చేశారు.

చిత్రకారుడు మాత్రం ఎక్కడా నవ్వడు. తామరాకు మీది కప్పను, తూనీగ రెక్కల ఈనెలను అతను ఎంతో శ్రద్ధగా గీశాడు; ఆ గీతలను చెక్కినవారు, ఒక్కో రంగుకు ఒక్కో పలకతో అద్దినవారు అదే శ్రద్ధ నిలిపారు. బొమ్మ కూడా వేళాకోళానికి దిగి ఉంటే పద్యం చప్పబడిపోయేదని నా నమ్మకం. అందుకే పద్యాన్ని అనువదించకుండా బొమ్మను మాత్రమే చూపినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

పుస్తకం చివరి మాట ఉతమారో గురువు తోరియామా సెకియెన్‌ది. చిన్నతనంలో ఈ శిష్యుడు తూనీగకు దారం కట్టి, కీచురాయిని అరచేతిలో పెట్టుకుని, ఆటలో మునిగిపోయేవాడని ఆ వృద్ధుడు మురిసిపోతూ రాశాడు. పుస్తకం వెలువడిన ఏడాదే ఆయన కన్నుమూశాడు.