తల్లి స్థితికి తగిన భక్తి
(ఇంట్లోనే పిల్లలకు చదువు చెబుతున్న కతోలిక తల్లుల సమావేశంలో, విశాఖపట్నం జ్ఞానాపురంలో చేసిన ప్రసంగం)

గౌరవనీయులైన విచారణ (పారిష్) గురువులకు, మఠకన్యలకు, చంటిబిడ్డలను ఎత్తుకుని, పెద్దపిల్లలను వెంటబెట్టుకుని ఇంత దూరం వచ్చిన తల్లులకు వందనాలు.

ఇంటి చదువు గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఏ తరగతికి ఏ పుస్తకం, రోజుకు ఎన్ని గంటలు అన్నవి అవసరమైన విషయాలే కాని, నా దగ్గరకు వచ్చే తల్లులు చివరికి అడిగేది వాటి గురించి కాదు. దివ్యబలిపూజ (మాస్) అయ్యాక గుడి మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "అక్కా, రోజంతా పిల్లలతోనే ఉంటున్నాను, నాకు జపానికి పావుగంట కూడా దొరకడం లేదు, సాయంత్రానికి విసుగొచ్చి అరుస్తున్నాను, ఇటువంటి నేను వీళ్ళకు విశ్వాసం ఏం నేర్పగలను?" అంటారు. ఈ రోజు నేను జవాబు చెప్పదలచుకున్నది ఆ ప్రశ్నకే. తల్లి స్థితికి తగిన భక్తి ఒకటి ఉంది, ఆ స్థితికి తగిన బోధన కూడా ఒకటి ఉంది. వాటిని పక్కనబెట్టి మఠంలోని భక్తిని, బడిలోని బోధనను ఉన్నవి ఉన్నట్టుగా మన ఇళ్ళలోకి తెచ్చుకోవాలని చూసినప్పుడే సంతోషం మనల్ని విడిచిపోతుంది.

ఈ మాట నేను కల్పించింది కాదు. విశాఖ కతోలికులమైన మనకు ఇది వారసత్వంగా వచ్చింది. 1846లో ఈ తీరానికి వచ్చిన మిషనరీ గురువులు సవాయ్ ప్రాంతంలోని ఆనెసి పట్టణం నుంచి వచ్చారు. 1838లో పీటర్ మెర్మియే గురువు అక్కడ స్థాపించిన పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ ది సేల్స్ సభకు చెందినవారు వారు. పీఠాధిపతిగా (బిషప్‌గా) జీవించిన ఆ పునీతుని పేరు మన గుళ్ళలో, బడులలో నిత్యం వింటూనే ఉంటాం, జనవరి 24న ఆయన పండుగ చేసుకుంటాం, కాని ఆయన ముఖ్యంగా ఎవరి కోసం రాశారో చాలామందికి గుర్తుండదు. 1609లో ఆయన ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం మఠవాసుల కోసం రాసింది కాదు. ఇల్లు, కుటుంబం, లోకవ్యవహారాలు ఉన్న ఒక వివాహిత స్త్రీకి ఆధ్యాత్మిక సలహాగా రాసిన ఉత్తరాల నుంచి అది పుట్టింది. భక్తి అందరికీ అవసరమే కాని ఒక్కొక్కరి స్థితికి, బలానికి, బాధ్యతలకు తగినట్లు అది ఉండాలని, పీఠాధిపతి ఏకాంతవాసిలా జీవించాలనుకున్నా, సంసారులు సన్యాసుల్లా ఏమీ కూడబెట్టకుండా ఉండాలనుకున్నా, పనివాడు రోజంతా గుడిలోనే గడపాలనుకున్నా అది క్రమం తప్పిన భక్తి అవుతుందని ఆయన అందులో వివరించారు. ఆ బోధనను గుండెల్లో పెట్టుకున్నవారే మన తాతముత్తాతలకు జ్ఞానస్నానం ఇచ్చారు. కనుక పాలుతాగే బిడ్డను ఒళ్ళో పెట్టుకుని జపమాలలో ఒక్క పదిపూసల వరస మాత్రమే చెప్పగలిగిన తల్లి తన భక్తి తక్కువైందని దిగులుపడనవసరం లేదు. ఆ స్థితిలో దేవుడు ఆమెను అడుగుతున్నది ఆ ఒక్క వరసే.

ఆచరణలో దీనికి అర్థం ఏమిటంటే, ఇంట్లో ప్రార్థన చిన్నదిగా, తప్పిపోనిదిగా ఉండాలి. పొద్దున్న లేవగానే సిలువ గుర్తు, పరలోక జపం; మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోయే ముందు త్రికాల జపం (మరియమాతను తలచుకునే చిన్న ప్రార్థన); రాత్రి దీపం దగ్గర ఆ రోజు సువిశేష (సువార్త) పఠనం, ఎవరెవరు ఎవరిని నొప్పించారో ఒకరికొకరు చెప్పుకుని క్షమాపణ అడగడం. చివరిది తల్లి కూడా చేయాలి. తమ లోపాలను పిల్లల ఎదుట ఒప్పుకోగలిగిన తల్లిదండ్రులే వారిని మరింత బాగా నడిపించగలరని కతోలిక శ్రీసభ (చర్చి) సత్యోపదేశ గ్రంథం (విశ్వాస బోధనల సంకలనం) 2223వ అంశంలో స్పష్టంగా ఉంది. కాబట్టి సాయంత్రం అరిచిన తల్లి విశ్వాసం నేర్పే అర్హత పోగొట్టుకోలేదు. రాత్రి బిడ్డను దగ్గరకు తీసుకుని "అమ్మ కోపంగా మాట్లాడింది, తప్పు" అని చెప్పినప్పుడు, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) అంటే ఏమిటో ఆ బిడ్డకు ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా అర్థమవుతుంది.

చదువు చెప్పే తీరు గురించి కూడా ఫ్రాన్సిస్ వారి జీవితంలో ఒక సంఘటన ఉంది. మార్టిన్ అనే మూగ, చెవిటి యువకుడిని ఆయన తన ఇంట్లో ఉంచుకుని, సైగల ద్వారా విశ్వాస సత్యాలను ఓపికగా నేర్పి, దివ్యసత్ప్రసాదం స్వీకరించేందుకు సిద్ధం చేశారు. బధిరులు ఆయనను తమ పాలక పునీతునిగా గౌరవించడానికి కారణం ఇదే. అంతటి పీఠాధిపతి, ఎన్నో పనుల మధ్య, ఒక్క విద్యార్థి కోసం బోధించే పద్ధతినే మార్చుకున్నారు. నలభై మంది ఉన్న తరగతిలో ఉపాధ్యాయిని ఎంత మంచిదైనా అలా చేయడం కష్టం. మనకు ఆ వీలు ఉంది. ఎనిమిదేళ్ళు వచ్చినా చదవడం కుదరని పిల్లవాడిని మరో సంవత్సరం వినిపించి నేర్పవచ్చు, భాగహారం అర్థంకాని పిల్లకు చింతగింజలతో పంచి చూపించవచ్చు, తొందరగా అందుకునే బిడ్డను ముందుకు వెళ్ళనివ్వవచ్చు. ఇంటి చదువులోని అసలైన ఆనందం నా దృష్టిలో ఈ వెసులుబాటే. ఇంత వెసులుబాటు చేతిలో ఉంచుకుని తొమ్మిది నుంచి నాలుగు దాకా గంటలు కొట్టి, ఏడు పీరియడ్లు పెట్టి, వారం వారం మార్కులు వేసే తల్లులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ వంటి పాఠశాల ఉన్న ఊరు ఇది. మఠకన్యలు తరతరాలుగా మన ఆడపిల్లలకు చదువు చెప్పిన ఊరు. ఇటువంటి చోట కతోలిక తల్లి పిల్లలను ఇంట్లో ఉంచుకోవడం ఆ త్యాగాన్ని కాదనడమా అని పెద్దలు అడుగుతారు. కాదు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటన తల్లిదండ్రులే పిల్లలకు మొదటి, ముఖ్య బోధకులని చెబుతూనే కతోలిక పాఠశాలల విలువను ఎంతో గౌరవంతో ప్రస్తావించింది. 1983 నాటి శ్రీసభ చట్టం 793వ నియమంలో పిల్లల కతోలిక విద్యకు తగిన మార్గాలను, సంస్థలను ఎంచుకునే బాధ్యతను, హక్కును తల్లిదండ్రులకు ఇచ్చింది. 798వ నియమం పిల్లలను కతోలిక విద్య అందించే బడులకు అప్పగించమంటూనే, అది వీలుకానప్పుడు బడి బయట ఆ విద్య అందేలా చూడవలసిన బాధ్యత తల్లిదండ్రులదేనని చెబుతుంది. ఒకరింట బిడ్డ ఆరోగ్యం, మరొకరింట తండ్రి తరచు బదిలీలు, ఇంకొకరింట బిడ్డ నేర్చుకునే తీరు, ఇలా కారణాలు వేరువేరుగా ఉంటాయి. ఇంట్లో చదువు చెప్పే తల్లి బడికి పంపే తల్లికంటే పుణ్యాత్మురాలు కాదు. ఆ మాట మన నోటి నుంచి ఎన్నడూ రాకూడదు. ఆదివారం సత్యోపదేశం తరగతికి, గాన బృందానికి, పీఠసేవకు (పూజలో గురువుకు సాయపడే పనికి) మన పిల్లలు మిగిలిన పిల్లలతో కలిసి వెళ్ళితీరాలి.

పునీత జెలీ మార్టిన్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను. ఆమెను, ఆమె భర్త లూయీని 2015 అక్టోబరు 18న శ్రీసభ దంపతులుగా కలిపి పునీతులుగా ప్రకటించింది. మన నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక ఎంతటి ఆధారమో, ఫ్రాన్సులోని అలాన్సాన్ స్త్రీలకు లేసు పని అంతటి ఆధారం. జెలీ ఇంట్లోనే ఆ వ్యాపారం నడుపుతూ తొమ్మిదిమంది బిడ్డలను కన్నది, నలుగురిని పసితనంలోనే పోగొట్టుకుంది. ఆమె ఉత్తరాలలో అలసట, లెక్కలు, జబ్బులు, పిల్లల అల్లరి అన్నీ ఉన్నాయి. 1877లో ఆమె మరణించేనాటికి చిన్నకూతురు తెరేసాకు నాలుగున్నరేళ్ళు. ఆ బిడ్డకు అక్షరాలు, సత్యోపదేశం ఇంట్లోనే నేర్పింది అక్క పౌలీన్. ఎనిమిదిన్నరేళ్ళ వయసులో మాత్రమే తెరేసా బడిలో అడుగుపెట్టింది. నేడు ఆమె శ్రీసభ పండితులలో (డాక్టర్స్ ఆఫ్ ది చర్చ్) ఒకరు. అయితే తల్లులకు నేను గుర్తుచేయాలనుకునేది తెరేసాను కాదు, ఆమె అక్క లెయోనీని. మందకొడిగా, మొండిగా ఉండి బడి నుంచి పంపివేయబడిన ఆ పిల్ల గురించి జెలీ పడిన ఆవేదన ఆమె ఉత్తరాల నిండా ఉంది. తల్లి చివరి నెలల్లో ఆ పిల్లలో కొంత మార్పు మొదలైంది కాని, ఆమె జీవితంలో స్థిరపడడం చూడకుండానే తల్లి కన్నుమూసింది. అనేక విఫలయత్నాల తరువాత లెయోనీ మరియమాత సందర్శన సభలో మఠకన్యగా స్థిరపడింది. 1610లో ఫ్రాన్సిస్ ది సేల్స్ వారు పునీత జాన్ దె షంతాల్‌తో కలిసి స్థాపించిన సభే అది. లెయోనీని పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ 2015లో మొదలైంది. మీ ఇంట్లో మాట వినని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ కోసం మీరు చేసే ప్రార్థన ఫలితం మీ కళ్ళ ముందే కనిపించాలనే నియమం లేదు.

నేర్పవలసిన వాటిలో తెలుగుకు మొదటి స్థానం ఇవ్వమని వేడుకుంటున్నాను. ఇంగ్లీషు మీడియంలో చదివిన మన యువతీయువకుల్లో ఎందరో గుడిలో మొదటి పఠనం చదవమంటే వెనక్కి తగ్గుతున్నారు. మంగళవార్త జపం నోటికి వస్తుంది కాని అచ్చులో చూసి చదవలేరు. ఇంట్లో చదివే పిల్లలకు ఆ లోటు రానివ్వకండి. రోజుకు ఒక కీర్తన చరణం ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించండి, వేమన పద్యం కంఠస్థం చేయించండి, ఆదివారం సువిశేషాన్ని శనివారం రాత్రి నాయనమ్మకు చదివి వినిపించమనండి. చదివి వినిపించే పిల్లలున్న ఇంట్లో, కళ్ళు సరిగా కనిపించని పెద్దవాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో మీలో కొందరికి తెలుసు.

దైవార్చన సంవత్సరం, అంటే శ్రీసభ పండుగల క్రమం, మన కాలపట్టిక కావాలి. ఆగమన కాలంలో (క్రిస్మస్‌కు ముందు వారాల్లో) పిల్లల చేత పశుల పాక కట్టిస్తే కొలతలు, బరువులు, మట్టి, గడ్డి అన్నీ అందులోనే నేర్చుకుంటారు. డిసెంబరు 8న రాస్ హిల్ ఎక్కి మరియమాతను దర్శించుకున్నప్పుడు, పక్క కొండలమీద దర్గాను, వేంకటేశ్వరుని ఆలయాన్ని చూపించి, ఆ రెండుచోట్లకు వచ్చేవారి ప్రార్థనను గౌరవించడం నేర్పండి. కింద ఓడరేవును చూపించి 1933లో అది ఎలా ప్రారంభమైందో, ఆ ఓడలు ఏమి మోస్తాయో చెప్పండి. తపస్కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) వచ్చేసరికి తీరంలో సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం నడుస్తూ ఉంటుంది. సృష్టికర్త గురించి మాట్లాడడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? మే నెల మరియమాతది, జూన్ తిరుహృదయానిది, అక్టోబరు జపమాలది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ మీది బౌద్ధారామం, 2002 నుంచి బీచిలో ప్రదర్శనశాలగా ఉన్న కురుసురా జలాంతర్గామి, పౌర గ్రంథాలయం మన ఊళ్ళోనే ఉన్నాయి. తెల్లవారుజామున చేపల రేవులో వేలంపాట చూసిన పిల్లవాడికి పేతురు, అంద్రెయలు వలలు విడిచి యేసు వెంట వెళ్ళడమంటే ఏమి విడిచి వెళ్ళడమో విడమరిచి చెప్పనక్కరలేదు.

చట్టం, పరీక్షల విషయం క్లుప్తంగా చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించే బాధ్యతను తల్లిదండ్రులపై ఉంచింది. ఇంటి చదువు గురించి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు, తల్లిదండ్రులకు శిక్ష కూడా నిర్దేశించలేదు. కాబట్టి ఈ నిర్ణయాన్ని భార్యాభర్తలు తెలిసి, కలిసి తీసుకోవాలి, పిల్లలు ఏమి చదివారో రాసి ఉంచుకోవాలి. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పరీక్ష తెలుగులోనే రాయవచ్చు. ఐదేళ్ళ వ్యవధి ఉంటుంది కనుక సబ్జెక్టులను విడతలుగానూ పూర్తిచేయవచ్చు. మన రాష్ట్రపు సార్వత్రిక పాఠశాల మార్గం కూడా ఉంది. "రేపు పదో తరగతి ఎలా రాస్తాడమ్మా?" అని అత్తగారు అడిగినప్పుడు కోపం తెచ్చుకోకుండా ఈ వివరం చెప్పండి. ఆవిడ ప్రశ్న వెనుక ఉన్నది మనవడి మీద ప్రేమే.

తండ్రులకు ఒక మాట. ఉక్కు కర్మాగారంలోనో ఓడరేవులోనో షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి మీరు అలసిపోతారు, నిజమే. అయినా రాత్రి సువిశేషం చదివించే పని మీరు తీసుకుంటే, వారంలో ఒక పూట పిల్లలను మీరు బయటికి తీసుకువెళ్తే, ఆ పూట తల్లి పాపసంకీర్తనానికి వెళ్ళగలదు, నిద్రపోగలదు. పునీత జోజప్ప గారు నజరేతు ఇంట్లో బాలయేసుకు పని నేర్పిన తండ్రి అని మరువకండి.

ఈ చదువు నిత్యవ్రతం కాదని కూడా చెప్పాలి. ప్రతి వేసవిలో దంపతులు కలిసి ప్రార్థించి, ఒక్కొక్క బిడ్డ గురించి విడిగా ఆలోచించండి. తల్లి ఆరోగ్యం క్షీణించినా, బిడ్డకు తోటివారి సహవాసం ఎక్కువ అవసరమనిపించినా బడికి పంపండి. ఎంచుకునే బాధ్యతను శ్రీసభ మీకే అప్పగించింది కనుక అదీ మీ బోధనలో భాగమే.

చివరిగా విచారణ గురువులను, పెద్దలను ఒకటి అడుగుతాను. వారంలో ఒక ఉదయం ఈ హాలు తాళం మాకు ఇప్పించండి. తల్లులు వంతులవారీగా పిల్లలకు లెక్కలు, పాటలు, సత్యోపదేశం చెప్పుకుంటారు, ఆ మూడు గంటలు మిగిలిన తల్లులు కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయినులు మన విచారణలో ఎందరో ఉన్నారు. భౌతికశాస్త్రం, ఇంగ్లీషు చెప్పడానికి వారు ముందుకు రావాలని కోరుతున్నాను. ఆసక్తి ఉన్నవారు సమావేశం అయ్యాక వెనుక బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో తమ పేరు, ఏ పాఠం చెప్పగలరో, ఏ రోజు వీలవుతుందో రాయండి.