గ్రాఫైట్‌లో నెర్రెలు

హోస్ట్: నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాం. మెటీరియల్స్ పాఠాలు చెప్పే మేడమ్ మనతో ఉన్నారు. వస్తూనే ఒక స్టీలు గిన్నెలో వేడినీళ్లు పోయించి, అందులో నల్లటి బిళ్ల వేశారు. అంచుల నుంచి సన్నని బుడగలు వస్తూనే ఉన్నాయి. ఏంటి మేడమ్ ఇది?

మేడమ్: గ్రాఫైట్ తమ్ముడూ. చేత్తో పట్టుకుంటే నున్నగా, గట్టిగా ఉంటుంది. లోపల మాత్రం బోలెడు ఖాళీ. రంధ్రాలే లేని గ్రాఫైట్ స్ఫటికమైతే ఘన సెంటీమీటరు 2.26 గ్రాములు తూగాలి. ఫ్యాక్టరీలో చేసిన మంచి దిమ్మె 1.8 దగ్గరే ఆగుతుంది. లెక్క వేయండి, ఐదో వంతు ఖాళీయే.

హోస్ట్: మన రామప్ప ఇటుక గుర్తొస్తోంది. నీళ్లలో తేలుతుంది కదా.

మేడమ్: అక్కడ ఖాళీ కావాలనే పెట్టారు, శిఖరం బరువు తగ్గాలని. 1213లో మొదలుపెట్టిన గుడి, ఎంత ఆలోచన చూడండి! గ్రాఫైట్‌లో ఖాళీ దానంతటదే వస్తుంది. పెట్రోలియం కోక్ అనే బొగ్గులాంటి పొడిని తారు పిచ్ అనే జిగురుతో కలిపి కాలుస్తారు. పిచ్ నుంచి వాయువులు బయటికి పోతూ దారులు చేసుకుంటాయి. చివర్లో సుమారు 2800 డిగ్రీల వేడి ఇస్తారు.

హోస్ట్: మరి దీనివల్ల బలం తగ్గుతుందా?

మేడమ్: బలం వేరే సంగతి. ఈరోజు యంగ్స్ మాడ్యులస్ గురించే మాట్లాడదాం. లాగితే, నొక్కితే వస్తువు ఎంత మొండికేస్తుందన్నది దాని కొలత. దాన్ని గిగాపాస్కల్స్‌లో చెప్తారు. గ్రాఫైట్ స్ఫటికం పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల వెంట లాగితే దాదాపు 1000 గిగాపాస్కల్స్. దిమ్మెలో సుమారు 10.

హోస్ట్: వంద రెట్లు తేడా! అంతా రంధ్రాల వల్లేనా?

మేడమ్: కాదు, ఇక్కడే మా పిల్లలు తొందరపడతారు. తునికాకు కట్ట చూశారు కదా? ఆకును పొడవునా లాగితే తెగదు. ఒక ఆకు మీద ఇంకో ఆకును తోస్తే జారిపోతుంది. గ్రాఫైట్ పొరలూ అంతే. దిమ్మెలో ఆ కట్టలు తలోదిక్కు తిరిగి ఉంటాయి కాబట్టి జారుడే ముందు బయటపడుతుంది. దాని మీద రంధ్రాల దెబ్బ.

హోస్ట్: ఎన్ని రంధ్రాలుంటే అంత తగ్గుతుందని ఒక సూత్రం ఉంటుందా?

మేడమ్: ఉంది. ఖాళీ పెరిగేకొద్దీ మాడ్యులస్ ఘాతాంక రూపంలో, అంటే మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా పడిపోతుందని రాస్తారు. కానీ ఎంత గబగబా అని చెప్పే స్థిరాంకం రంధ్రం ఆకారాన్ని బట్టి మారిపోతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. శనగ గింజలా గుండ్రటి రంధ్రాలు 5 శాతం ఉంటే మాడ్యులస్ 10 శాతం దాకా తగ్గొచ్చు. అదే ఖాళీ పల్చటి పగుళ్లుగా ఉంటే దెబ్బ చాలా ఎక్కువ. పగులులో ఖాళీ దాదాపు సున్నా అయినా సరే, అది పరుచుకున్నంత మేర లాగే బలాన్ని అటు నుంచి ఇటు పోనివ్వదు. అందుకే శాతం ఒక్కటే చెప్తే నేను ఒప్పుకోను. రంధ్రం ఆకారం ఏంటి, ఎటు తిరిగి ఉంది అని అడుగుతాను.

హోస్ట్: పగుళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

మేడమ్: చల్లారేటప్పుడు. స్ఫటికం పొరలకు అడ్డంగా బాగా ముడుచుకుంటుంది, పొరల వెంట దాదాపు కదలదు. ఆ లాగులాటలో పొరల మధ్య సన్నని చీలికలు పడతాయి. 1950ల్లో వీటి గురించి చెప్పిన శాస్త్రవేత్త పేరు మీద మ్రోజోవ్‌స్కీ పగుళ్లు అంటారు. మన పత్తి చేలల్లో నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వాన పడితే మూసుకుంటుంది. గ్రాఫైట్‌ది తిరగేసిన కథ. చల్లారితే నెర్రెలు, వేడెక్కితే మూత.

హోస్ట్: అంటే వేడి చేస్తే ఇంకా బిగుసుకుంటుందా?

మేడమ్: అవును! ఇనుము మెత్తబడుతుంది. గ్రాఫైట్‌కు గాలి తగలకుండా చూసుకుంటే సుమారు 2000 డిగ్రీల దాకా మాడ్యులస్ పెరుగుతూ పోతుంది. నెర్రెలు మూసుకోవడమే ముఖ్య కారణం. గాలి తగిలితే మాత్రం వేరే సంగతి. ఆక్సీకరణ రంధ్రాలను తొలిచేస్తుంది. బరువు ఎంత శాతం పోయిందో, మాడ్యులస్ అంతకన్నా ఎక్కువ శాతం పోతుంది. గ్రాఫైట్ దిమ్మెలు వాడే అణు రియాక్టర్లలో దీన్ని జాగ్రత్తగా లెక్కగడతారు.

హోస్ట్: ఇవన్నీ ఎట్లా కొలుస్తారు?

మేడమ్: అల్ట్రాసౌండ్‌తో. 50 మిల్లీమీటర్ల కడ్డీలో శబ్దం 20 మైక్రోసెకన్లలో దాటిందనుకోండి. వేగం సెకనుకు 2500 మీటర్లు. సాంద్రతను ఆ వేగం వర్గంతో గుణిస్తే సుమారు 11 గిగాపాస్కల్స్ వస్తాయి. చదువుకునే రోజుల్లో ఒకసారి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒకే ముక్క, నిన్న ఒక రీడింగ్, ఈరోజు ఇంకో రీడింగ్. మూడు రోజులు మిషన్ తప్పనుకున్నాను. తీరా చూస్తే, శబ్దం సరిగ్గా లోపలికి పోవడానికి ముక్క చివరలకు రాసిన జెల్ రంధ్రాల్లోకి ఇంకిపోయింది.

హోస్ట్: మరి ఈ గిన్నెలో బిళ్ల?

మేడమ్: బుడగలుగా గాలి బయటికొచ్చి రంధ్రాల్లోకి నీళ్లు పోయాయి. దీన్ని ఇప్పుడు కొలిస్తే అదే తప్పు మళ్లీ చేసినట్టు. రాత్రంతా ఓవెన్‌లో ఆరాలి. పొద్దున తూకం వేస్తాం. గంట తర్వాత మళ్లీ వేస్తాం. రెండు తూకాలూ ఒకటైతేనే, అంటే నీళ్లన్నీ పోతేనే, అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టేది.