ట్విస్టులెక్కువై తప్పిపోయిన మిలిటరీ మిస్టరీ: 'బేసిక్' రివ్యూ

నమస్తే అన్నలూ, అక్కలూ. తిరుపతి నుంచి మాట్లాడతా ఉండాను. ముందే చెప్పేస్తాను, ఈ రోజు సినిమా సస్పెన్సంతా విప్పేస్తా, ఆఖరి సీనుతో సహా. సినిమా వచ్చింది 2003లో. ఇంకా చూడకుండా దాచిపెట్టుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఈడే ఆపేసి, చూసి రండి. నేనేమీ అనుకోను.

సినిమా పేరు 'బేసిక్'. డైరెక్టర్ జాన్ మెక్‌టియర్నన్. 'ప్రిడేటర్', 'డై హార్డ్' తీసినాయన. అడివిలో సోల్జర్లని ఎట్లా భయపెట్టాలో ఆయనకి ఒకరు నేర్పాల్సిన పన్లేదు. పైగా జాన్ ట్రవోల్టా, శామ్యూల్ జాక్సన్. 1994లో 'పల్ప్ ఫిక్షన్'లో ఆ జోడీని చూసినోళ్ళు ఎంత ఆశతో పోయుంటారో చెప్పండి. తీరా చూస్తే వాళ్ళిద్దరూ ఎదురుబదురుగా కనిపించేది ఆఖర్లో కాసేపే. ఎందుకనేది కూడా ఒక ట్విస్టేలే, వస్తా దానికి.

కథ మొదలు మాత్రం అదిరిపోతుంది. పనామాలో అమెరికా ఆర్మీ స్థావరం. తుఫాను రాత్రి. సార్జెంట్ వెస్ట్ అని ఒక రాక్షసుడు, అంటే మన జాక్సన్, ట్రైనింగులో ఉన్న రేంజర్లని, అంటే ఆర్మీలో ప్రత్యేక దళం సోల్జర్లని, అడివిలోకి తోలుకుపోతాడు. తిరిగొచ్చేది ఇద్దరే. ఒకడి భుజాన ఇంకొకడు, గాయంతో. వెనకాల తరుముకుంటా వచ్చినోణ్ణి కళ్ళ ముందరే కాల్చేస్తారు. సార్జెంట్ ఏమైనాడో తెలీదు, మిగతా కుర్రోళ్ళు ఏమైనారో తెలీదు. మోసుకొచ్చినోడు, పేరు డన్‌బార్ అంట, రేంజర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడనంటాడు. అందుకని ఒకప్పటి రేంజర్ టామ్ హార్డీని పిలిపిస్తారు. ట్రవోల్టా అన్నమాట. ఇప్పుడు డ్రగ్స్ కేసులు చూసే ఏజెంటు, లంచం తిన్నాడని అనుమానం మీద పక్కన పెట్టినోడు. ఆయనకి జతగా కెప్టెన్ ఆస్బోర్న్, కోనీ నీల్సన్ చేసింది.

ఇంతవరకూ వంక పెట్టేదానికి లేదు. ఒక గది, ఒక కుర్చీ, నోరు విప్పని ఒక సోల్జర్, బయట వాన. 1950లోనే జపానాయన కురొసావా 'రషోమాన్' తీసి, ఒకే చావుని నలుగురితో నాలుగు రకాలుగా చెప్పించి ప్రపంచాన్నే తిప్పినాడు కదా, అదే దారి. అడివి, యూనిఫాం, స్మగ్లింగు అంటే మనకి కొత్తేం కాదబ్బా. శేషాచలం కింద కూర్చోని, ఎర్రచందనం వార్తలు చదువుకుంటా పెరిగినోళ్ళం. అడివిలో ఏం జరిగిందో అడివికే తెలియాలనే మాట మనకి బాగా ఎక్కుతుంది.

ఆ తర్వాతే పట్టాలు తప్పింది. వెస్ట్‌ని పగతో చంపినారు. లేదు, మందుల దందా కోసం చంపినారు. మందులిచ్చేది డాక్టరు. ఆయన వెనకాల ఆ స్థావరం పెద్ద కల్నల్ స్టైల్స్. మనం ఇంతసేపూ డన్‌బార్ అనుకున్నోడు డన్‌బారే కాదు, పైక్ అనే ఇంకో రేంజర్. ఒక్కొక్కరు కథ మార్చినప్పుడల్లా మళ్ళీ అదే అడివి, అదే వాన, మెరుపు మెరిస్తే తప్ప ఎవురి మొగం ఏదో కనపడదు. ఎవురు ఎవుర్ని కాల్చినారని తలకాయ గోక్కునే లోపల ఇంకో వెర్షన్.

చిట్టచివర్న ఏందయ్యా అంటే, వెస్ట్ చావనే లేదు. అంతా నాటకం. హార్డీ 'సెక్షన్ 8' అనే రహస్య దళానికి పెద్ద. ఆ రేంజర్లలో దందా చేసే దొంగలు ఇద్దరే, వాళ్ళ వెనకాలుండే కల్నల్‌ని బయటికి లాగేదానికి ఇంత తతంగం. అసలు సెక్షన్ 8 అంటే ఏందో తెలుసా? పాత రోజుల్లో అమెరికా ఆర్మీలో మతి స్థిమితం లేదని సోల్జర్ని ఇంటికి పంపించే రూలు. సినిమా అయిపోయినాక ఆ కాగితం మీద నా పేరే రాసిచ్చేయండి సామీ అనిపించింది.

ట్విస్ట్ ఎందుకు పనిచేస్తుంది, ఎందుకు పనిచెయ్యదు అనే దానికి నాకు తెలిసిన మంచి పాఠం మన చిత్తూరు జిల్లా పల్లెల్లోనే ఉంది. ద్రౌపదమ్మ గుడికాడ భారతం జరిపిస్తారు చూడండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. ఆఖరి రోజు నేల మీద అంత పొడుగు మట్టి దుర్యోధనుణ్ణి పండబెట్టి, భీముడు గదతో తొడ మీద కొడతాడు. ఎవుడు చస్తాడో చంకలో ఉండే బిడ్డకి కూడా తెలుసు. అయినా ఊరు ఊరంతా ఎండలో నిలబడి చూస్తుంది. ముగింపు దాచిపెడితేనే సస్పెన్స్ అనుకునేది సినిమావాళ్ళే.

అదే భారతంలో సిసలైన మిలిటరీ ట్విస్ట్ ఒకటుంది. అశ్వత్థామ హతః, కుంజరః. కొడుకు చచ్చినాడని భీముడు చెప్తే ద్రోణుడు నమ్మడు. ధర్మరాజునే అడుగుతాడు. ఎందుకంటే ఆయన అబద్ధం ఆడడు. ఆ ఒక్క నోటి నుంచి ఆ ఒక్క మాట వచ్చినందుకే ద్రోణుడు ఆయుధం దించేస్తాడు, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే ధర్మరాజు రథం నేలకి దిగిపోతుంది. ఇప్పుడు 'బేసిక్'లో చూడండి. మొదటి నుంచీ అందరూ అబద్ధాలే. ఒకడు ఇంకో అబద్ధం ఆడినాడంటే మనకేం? దిగేదానికి ఏ రథమూ పైన లేదు.

ఇంకోటి. పోలీసు కథలో లేని సుఖం మిలిటరీ కథలో ఒకటుంది, అది లెక్క. ఎన్‌సీసీ చేసినోళ్ళని అడగండి. పాయింట్ 22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాలిస్తే ఐదు ఖాళీ కేసులు ఏరి అప్పజెప్పాల్సిందే, ఒకటి తగ్గితే గడ్డిలో మోకాళ్ళ మీద వెతకాల్సిందే. ఎవుడికి ఏ తుపాకి ఇచ్చినారు, ఎన్ని తూటాలిచ్చినారు, ఎవుడు ఎవుడికి రిపోర్ట్ చేసినాడు, అన్నిటికీ కాగితం ఉంటుంది. అట్లాంటి చోట అబద్ధం ఆడాలంటే ఎంత కష్టం, పట్టుకునేదానికి ఎంత మజా! ఈ సినిమా ఆ మజాని వదిలేసి, నోటిమాట మీదనే నడిచిపోయింది.

అట్లాగని వెర్షన్లు మార్చి చెప్పే కథలన్నీ చెత్తని కాదు. 1996లో 'కరేజ్ అండర్ ఫైర్' వచ్చింది. గల్ఫ్ యుద్ధంలో చనిపోయిన మహిళా పైలట్‌కి మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వచ్చా లేదా, ఇంతే ప్రశ్న. ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెప్తాడు. కానీ ప్రతి అబద్ధం వెనకాల చెప్పినోడి భయమో, సిగ్గో కనిపిస్తుంది. విచారణ చేసే డెంజెల్ వాషింగ్టన్ కూడా చీకట్లో పొరపాటున తన పక్షం ట్యాంకునే పేల్చిన మనిషి, అందుకే ఆ నిజం ఆయనకీ కావాల. 1992 నాటి 'ఎ ఫ్యూ గుడ్ మెన్'లో అయితే దాచిందేమీ లేదు. ఒక సోల్జర్ చావుకి కారణమైన ఆర్డర్ ఇచ్చింది కల్నలేనని మనకి ముందే అర్థమైపోతుంది. ఆయన నోటితోనే కోర్టులో ఎట్లా చెప్పిస్తారనేదే కథ.

మన తెలుగులో 2017లో 'ఘాజీ' చూడలేదా? 1971 డిసెంబర్‌లో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ దగ్గర మునిగిపోయిందని తెలిసే పోయినాం, అయినా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నిజానికి అది ఎట్లా మునిగిందనే దాని మీద మన నేవీది ఒక మాట, పాకిస్తాన్‌ది ఇంకో మాట, ఇప్పటికీ. మిలిటరీ మిస్టరీ తీయాలనుకునేవాళ్ళకి ముడిసరుకు మన సముద్రం అడుగునే ఉంది.

సరే, 'బేసిక్' చూడచ్చా? ట్రవోల్టా కోసం, మొదటి అరగంట కోసం చూడచ్చు. ఒక ఉపాయం చెప్తాను. కల్నల్ స్టైల్స్ హార్డీ మీద తుపాకి ఎత్తినప్పుడు ఆస్బోర్న్ ఆ కల్నల్‌ని కాల్చేస్తుంది. ఆడ పాజ్ కొట్టి, టీవీ కట్టేసి పడుకోండి. అంతవరకే అయితే నేను ఐదుకి మూడిస్తా. మిగతాది కూడా చూసి తీరతామంటే ఒకటిన్నర.