చిన్న విమానంలో నెట్: తంటా డిష్‌దా, కరెంటుదా?

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్న విమానాల్లో ఇంటర్నెట్ మీద మీ సందేహాలకు ఏవియానిక్స్, అంటే విమాన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు గారు జవాబులిస్తారు. మొదటి కాలర్, చెప్పండి.

శ్రోత 1: నమస్తే సార్. పైకెళ్లాక ఫోన్లో నెట్ ఉండదు. బూస్టర్ పెడితే?

ఇంజినీరు: దండగండి. టవర్ యాంటెనాలు నేల వైపు వంచి ఉంటాయి, పైన దొరికేది పక్కలకు చిందిన సిగ్నలే. పైగా ఎత్తులో ఫోన్‌కి ఒకేసారి బోలెడు టవర్లు తగులుతాయి. ఎవరికి అతుక్కోవాలో తేల్చుకోలేక కనెక్షన్ తెగుతుంది. అమెరికాలో అయితే 800 మెగాహెర్ట్జ్ సెల్యులార్ ఫోన్ గాల్లో వాడటమే నిషేధం. ఉపగ్రహం దారి పట్టండి.

శ్రోత 2: సార్, మేం స్టార్‌లింక్ మినీ అనే చిన్న ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్‌ని గ్లేర్‌షీల్డ్ మీద, అంటే ముందు అద్దం కింద డాష్‌బోర్డు పైన పెట్టాం. కాసేపు బాగుంటుంది, తర్వాత పోతుంది.

ఇంజినీరు: డిష్ మొత్తం ఆరిపోయి మళ్లీ మొదలవుతోందా? లేక అది వెలుగుతూనే ఉండి నెట్ ఒక్కటే పోతోందా?

శ్రోత 2: మొత్తం ఆరిపోతోందండి. లైటర్ సాకెట్‌లో యూఎస్‌బీ-సి చార్జర్ పెట్టాం. 100 వాట్లని రాసుంది.

ఇంజినీరు: ఆ వంద అన్ని పోర్టులకూ కలిపి అయ్యుంటుంది, చూడండి. ఒక్క పోర్టే 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇవ్వాలి. కేబుల్ కూడా 100 వాట్లదే కావాలి, పొట్టిదైతే మేలు. డిష్ మామూలుగా 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది, మధ్యలో ఇంకాస్త లాగుతుంది. 60 వాట్లు లెక్కేసుకున్నా 14 వోల్టుల విమానంలో 4 ఆంపియర్లు దాటినట్టే. బ్రేకర్ 5 ఆంపియర్లదైతే ఆ సాకెట్‌కి ఇంకేమీ తగిలించకండి. ట్రిప్ అయితే గాల్లో మళ్లీ మళ్లీ నొక్కొద్దు. స్టార్‌లింక్ యాప్‌లో డిష్ మీది మంచు కరిగించే సెట్టింగ్ ఆపేయండి, అది ఊరికే కరెంటు తింటుంది.

శ్రోత 2: చార్జరే కారణమని తేలేదెలా సార్?

ఇంజినీరు: ఒకసారి మంచి పవర్ బ్యాంక్‌తో నడపండి. 100 వాట్-అవర్లది సుమారు రెండున్నర గంటలొస్తుంది. అప్పుడు ఆరకపోతే తప్పు చార్జర్ వైపే. అప్పుడూ ఆరిపోతే వేడి కారణం కావచ్చు. డిష్ 50 డిగ్రీల వరకే పనిచేసేలా చేసింది. అద్దం కింద ఎండలో ఆ హద్దు దాటడం ఎంతసేపు! వెనక కిటికీ దగ్గరికి మార్చండి. హై-వింగ్, అంటే రెక్క పైన ఉండే విమానం అయితే అక్కడ రెక్క అడ్డొస్తుందేమో యాప్‌లో చూడండి. మంచు పట్టకుండా వేడెక్కే ముందు అద్దానికి లోహపు పొర ఉంటే సిగ్నల్ దాటదు, ఆ అద్దం వెనక పెట్టి లాభం లేదు.

ఎక్కడ పెట్టినా ఇంజన్ తిరుగుతుండగా నేల మీదే రెండు చూసుకోండి. డిష్ ఆన్ చేసి, ఆఫ్ చేసి కంపాస్ ముల్లు కదులుతుందేమో చూడాలి. తర్వాత రేడియోలో స్క్వెల్చ్ (చిన్న గోల వినబడకుండా ఆపేది) తెరిచి, మాట్లాడటానికి మీరు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో ఫ్రీక్వెన్సీలన్నీ వినండి. చవక చార్జర్లు, వోల్టేజీ మార్చే కన్వర్టర్లు రేడియోలో గోల చేస్తాయి. ఇక కిలో పైచిలుకు బరువు, కుదుపులో ఎగిరి తలకి తగలకుండా పట్టీతో కట్టాలి. తలుపుకి, కంట్రోల్స్‌కి అడ్డు రాకూడదు.

వ్యాఖ్యాత: చివరి కాలర్.

శ్రోత 3: నెట్ కలిపితే టాబ్లెట్‌లో ట్రాఫిక్, అంటే చుట్టూ ఉన్న విమానాలు, మాయమవుతోంది సార్.

ఇంజినీరు: టాబ్లెట్ ఒకసారికి ఒక వైఫైకే కలుస్తుందమ్మా. డిష్‌కి మారగానే మీ ఏడీఎస్-బీ రిసీవర్ (ఇతర విమానాలు పంపే స్థానాలు అందుకునే పరికరం) తెగిపోతోంది. రిసీవర్‌కి బ్లూటూత్ ఉంటే దాంతో కలపండి. లేదా రిసీవర్‌నే డిష్ వైఫైలో చేర్చండి, కొన్నిటికి ఆ వీలుంది. రెండూ కుదరకపోతే రిసీవర్‌కి ఒక టాబ్లెట్, నెట్‌కి ఫోన్.

శ్రోత 3: నెట్‌లో రాడార్ చూస్తూ ఉరుముల మబ్బుల మధ్య సందులోంచి వెళ్లొచ్చా?

ఇంజినీరు: వద్దమ్మా. బొమ్మ మీద ఉన్న సమయం అది తయారైనది. అందులోని స్కాన్లు అంతకంటే పాతవి. మీకు కనిపించే సందు ఈపాటికి మూసుకుపోయి ఉండొచ్చు. ఆ బొమ్మ చూసి దూరం నుంచే చుట్టూ తిరిగి వెళ్లండి.