ఎన్ని నిమిషాలు?

శ్రోతలందరికీ నమస్కారం.

ఈరోజు ఫిట్స్ గురించి మాట్లాడుకుందాం. అన్ని ఫిట్సూ కాదు, ఆగకుండా చాలాసేపు ఉండిపోయే ఫిట్స్, డాక్టర్లు స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారే అది. ఒక ఊళ్ళోనో ఒక జిల్లాలోనో ఏడాదికి ఇలా ఎంతమందికి వస్తుందో లెక్క తీయడం ఎలా అన్నది నా విషయం.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా తమ్ముడి కొడుక్కి రెండేళ్ళప్పుడు ఒక రాత్రి ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఉన్నట్టుండి కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మా అమ్మ పరుగున వెళ్ళి తాళంచెవుల గుత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టింది, పక్కింటావిడ ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎంతసేపు ఉందమ్మా?" అని. మా మరదలు అరగంట అంది, తమ్ముడు రెండు నిమిషాలు అన్నాడు, మా అమ్మ "ఏమో బాబూ, ఎంతకీ ఆగలేదు" అంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఒక్కరం కూడా గడియారం వైపు చూడలేదు.

ఎన్ని నిమిషాలు? లెక్క తీసేవాళ్ళకి కూడా మొదటి చిక్కు అక్కడే. పాత పరిశోధనల్లో ఎక్కువగా 30 నిమిషాలు దాటితేనే ఈ లెక్కలో వేసేవాళ్ళు. 2015లో అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌కి రెండు గడువులు పెట్టింది. 5 నిమిషాలు దాటితే దానంతటది ఆగకపోవచ్చు, వైద్యం మొదలుపెట్టాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. గీత ఎక్కడ గీస్తే లెక్క అలా మారిపోతుంది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో 1989 నుంచి 1991 దాకా చూస్తే అన్ని వయసులూ కలిపి లక్షకి ఏడాదికి 41 మంది తేలారు, యూరప్‌లో కొన్నిచోట్ల పదిమందే. ఎవర్ని వెతికారు, ఎలా వెతికారు అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

నాకు బాగా నచ్చింది ఉత్తర లండన్ పని. రిచర్డ్ చిన్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ 2002 నుంచి 2004 దాకా అక్కడి పిల్లల్లో వెతికారు. 226 మంది దొరికారు, అందులో 176 మందికి అదే మొదటిసారి. అయితే దొరికినవాళ్ళు ఇంతమంది, సరే, దొరకనివాళ్ళు ఎంతమంది?

మాది కైకలూరు వైపు, చేపల చెరువుల మధ్య పెరిగినదాన్ని, కాబట్టి చెరువుతోనే చెప్తాను. చెరువులో ఎన్ని చేపలున్నాయో తెలియాలి, నీళ్ళన్నీ తోడలేం. వల వేసి ఒక 100 శీలావతుల్ని పట్టి రెక్కకి ఎర్రదారం కట్టి మళ్ళీ వదిలేస్తాం. నాలుగు రోజులాగి మళ్ళీ వల వేస్తే ఇంకో 100 పడ్డాయి అనుకోండి, వాటిలో 20కి ఎర్రదారం ఉంది. అంటే పడినవాటిలో అయిదో వంతు మనం దారం కట్టినవే, మరి దారం కట్టినవి మొత్తం 100, కాబట్టి చెరువులో సుమారు 500 ఉండాలి. నీళ్ళు తోడకుండానే లెక్క తెలిసింది. పిల్లల విషయంలోనూ అంతే, ఒక దారిలో వచ్చిన పేర్లు ఒక వల, ఇంకో దారిలో వచ్చిన పేర్లు ఇంకో వల, రెండింట్లోనూ ఉన్న పేర్లు ఎర్రదారం చేపలు. అలా చూస్తే వాళ్ళకి దొరికింది 62 నుంచి 84 శాతమే అని తేలింది, మిగతావాళ్ళు ఏ వలకీ పడలేదు. వాళ్ళని కూడా కలుపుకుంటే లక్షమంది పిల్లల్లో ఏడాదికి 17 నుంచి 23 మంది. ఒక్క అంకె చెప్పకుండా ఇంత నుంచి ఇంత అని చెప్పారు చూడండి, అందుకే నాకు ఆ పని మీద గౌరవం. ఎందుకంటే జబ్బు బాగా ముదిరిన పిల్లాడు రెండు వలల్లోనూ పడతాడు, అప్పుడు అసలు సంఖ్య ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఆ రేటు మనకి అలాగే వర్తిస్తుందని నేను అనను. మన దగ్గర మెదడువాపు, మెదడులో పురుగు తిత్తులు లాంటి కారణాలు వాళ్ళకన్నా ఎక్కువ. పైగా ముందు తాయెత్తు కట్టించుకుని ఆస్పత్రి మొహమే చూడనివాళ్ళు ఏ వలకీ పడరు.

ఆ లండన్ పిల్లల్లోనే ఇంకో సంగతి బయటపడింది, నేను ఈ ప్రసంగం ఒప్పుకున్నది నిజానికి దీనికోసమే. ఆస్పత్రికి చేరడం ఒక్కో నిమిషం ఆలస్యమయ్యేకొద్దీ ఫిట్స్ గంట దాటిపోయే ప్రమాదం 5 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ఒక్కో నిమిషానికి!

కాబట్టి ఫిట్స్ మొదలవగానే గడియారం చూడండి. పిల్లాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు, తాళంచెవులు వెతకొద్దు, ఆ వెతికే చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళాలి. 5 నిమిషాలు దాటేలా ఉంటే 108కి చెయ్యండి, మొదటిసారి వస్తే అసలు ఆగొద్దు. డాక్టరు ముందే ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం అనే మందు స్ప్రే రాసిచ్చి ఉంటే ఆయన చెప్పిన కొలతలో అప్పుడే వాడండి. ఆగిపోయినా సరే డాక్టరుకి చూపించండి, జ్వరంతో వచ్చిందని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ లండన్ పిల్లల్లో జ్వరంతో ఇలా వచ్చినవాళ్ళలో 12 శాతం మందికి బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, ఉంది.

మా వాడికి మరుసటి ఏడు మళ్ళీ జ్వరంతో ఫిట్స్ వచ్చింది. ఈసారి మా మరదలు వాణ్ణి పక్కకి తిప్పి, గోడ గడియారం కనపడేలా కూర్చుంది. ఆస్పత్రిలో డాక్టరు అడిగేలోపే, "9 గంటల 12 నిమిషాలకి మొదలైందండీ, 9 గంటల 15కి ఆగింది" అని చెప్పింది. ఆయన ఆ రెండు అంకెలూ ఓపీ చీటీ మీద రాసుకున్నాడు.

నమస్కారం.