ఫ్రీగా వచ్చిన హైడ్రాలిక్ మంచం, మా కడప ఇంట్లో గెస్ట్ రూము.. ఉన్నదున్నట్టు చెప్తా

నమస్తే అక్కలూ అన్నలూ. ముందే చెప్పేస్తా, ఈ హైడ్రాలిక్ మంచం, అంటే పరుపుతో సహా పైపలక లేపితే కింద సామాన్ల పెట్టె ఉండేది, నేను కొనింది కాదు, కంపెనీవాళ్ళే ఫ్రీగా పంపినారు, వీడియో పెట్టమన్నారు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు, చెప్పింటే నేను పెట్టేదాన్నే కాదు. కొలతలు, వారంటీ, ఏ చెక్క, ఏ కలరు అవన్నీ వాళ్ళ పేజీలో ఉన్నాయి, మీరు చూసే ఉంటారు, మళ్ళీ నేను చదివి మీ టైం తినను.

ముందు రూము చూడండి. 9 బై 10 అడుగులు. పేరుకే గెస్ట్ రూము, యాడ పెట్టాలో తెలీని సామానంతా వచ్చి చేరేది ఈడికే. ఎండాకాలం అయిపోతే కూలర్ ఈడికే, చెడిపోయిన గ్రైండర్ ఈడే, పెండ్లిలో పెట్టిన స్టీలు బోకులు ఇంగా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, బియ్యం మూట కూడా ఈడే. ఎవరన్నా వస్తే అన్నీ ఒక మూలకు నెట్టేసి, పైన ఒక దుప్పటి కప్పేసి, "పనుకోండి బావా" అనేది. పాపం చుట్టాలు తెచ్చేది ఒక బ్యాగు, మిగతా చెత్తంతా మనదే కదా. అందుకే ఈ రూముకు కొత్తగా ఏమేం తేవాలని నేను ఆలోచించలేదు, ఏమేం బయటికి పోవాలనే చూసినా. గ్రైండర్ పాత సామాన్లాయనకు పోయింది, బియ్యం వంటింట్లోకి పోయింది.

కడప ఇల్లు కాబట్టి గోడకు నల్ల బండల గూళ్ళు, తలుపులు ఉండవు. చిన్న రూములో ఆ నలుపు వెలుతురంతా మింగేస్తాది, పైగా గూట్లో ఏం పెట్టినా కనపడతాది. గోడకు ఏ రంగుందో అదే రంగు గుడ్డతో పైనుంచి కిందిదాకా ఒక కర్టెన్ కట్టించినా. పూలపూల డిజైను వేసింటే ఇంగా ఇరుగ్గా ఉండేది. 6500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత అది) తెల్ల ట్యూబ్‌లైటు తీసేసి 3000ది వామ్ వైట్, అంటే పసుపు వెలుతురు బల్బు పెట్టినా, స్విచ్ పనుకున్నోళ్ళ చేతికి అందేటట్టు తల దగ్గర. ఒక ఎమ్మిగనూరు చేనేత దుప్పటి. ప్లాస్టిక్ పూలు, గోడ స్టిక్కర్లు, షోకేస్ బొమ్మలు వద్దే వద్దు.

సరే, మంచం. ఇంతకు ముందు ఈడ సోఫా కమ్ బెడ్ ఉండేది, తెలుసు కదా, నడుముకు సరిగ్గా మధ్యలో ఒక రాడ్డు. మా పెద్దమ్మ దాని మీద ఒక రాత్రి పనుకుని, పొద్దున్నే "నాకు చాప ఇయ్యి తల్లీ" అనింది. ఆ లెక్కన ఇది స్వర్గం. 5 అడుగుల వెడల్పు మంచాన్ని ఒక పక్క గోడకు ఆనించి వేస్తే ఇంగో పక్క 4 అడుగులు మిగుల్తాది, నడవడానికి ఇబ్బందే లేదు. ఫోమ్ పరుపు ఉంటే, కాళ్ళ దిక్కు పట్టీ పట్టుకుని కొంచెం ఎత్తితే చాలు, తర్వాత అదే ఉస్సుమని లేస్తాది. ఆ పెట్టెలో పరుపులు, రగ్గులు, దిండ్లు, చలికాలం బొంతలు, స్టీలు బోకులు అన్నీ పోయినాయి, ఇంగా జాగా ఉంది! రూములో నేల కనపడిందప్పా, అది చాలు నాకు. ఊరికే నాలుగుసార్లు ఎత్తి దించినా, మా ఆయన నవ్వినాడు.

ఇంగ అసలు తలనొప్పికి వస్తా. ఆ లేచేది గ్యాస్ పిస్టన్ల వల్ల. పిస్టన్ మీద చిన్న స్టిక్కర్ ఉంటాది, 800 ఎన్, 1000 ఎన్ అని. ఎన్ అంటే న్యూటన్లు, 1000 అంటే సుమారు 100 కేజీల తోపు, కాకపోతే అది పట్టీ దగ్గర కాదు, తల దిక్కు కీలు పక్కన తోస్తాది కాబట్టి మన చేతికొచ్చేసరికి చానా తగ్గిపోతాది. కంపెనీవాళ్ళు ఆ లెక్కంతా ఫోమ్ పరుపు బరువుకు వేసినారు. మన ఇండ్లలో ఏముంటాది? దూది పరుపు! మా అత్తకు పుట్టింటోళ్ళు పెట్టింది, ఇద్దరు పట్టుకుంటే గాని కదలదు. "మా నాయన కుట్టించిన పరుపు, దాన్ని పారేసి స్పాంజి ముక్క వేస్తావా" అనింది మా అత్త, ఆ మాట తర్వాత ఇంగేముంది, దూది పరుపే వేసినాం. మంచం లేవదు! ఎత్తితే సగానికొచ్చి మళ్ళీ మెల్లగా దిగుతా వస్తాది, ఒకరు పట్టుకోవల్ల, ఇంగొకరు తలకాయ లోపల పెట్టి వెతకల్ల. చిన్నపిల్లోళ్ళు ఉన్న ఇంట్లో ఇది ఆటలు కాదు, చెయ్యి నలుగుతాది. అదే పరుపు తీసేసి ఉత్త పలకనే ఎత్తితే, తోపు ఎక్కువై పైనే నిలబడిపోతాది, బలంగా అదిమితే గాని దిగదు. ఈ ముక్క వాళ్ళ పేజీలో యాడా లేదు. ఫోన్ చేసి అడిగితే "ఫోమ్ వాడండి మేడమ్" అంట. అది కొనకముందు చెప్పల్ల కదా!

ఇంగోటి, దీనికి కాళ్ళు లేవు, పెట్టె నేలకే ఆనుకుని ఉంటాది. కింద కసువు చేరదు, మంచిదే. కానీ మనం రోజూ తడిగుడ్డ పెడతాం, పార్టికల్ బోర్డుకు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ఆ తడి తగిలితే అంచు ఉబ్బుతాది. కింద రబ్బరు బుష్‌లు కొట్టించినా, మీరూ కొట్టించుకోండి. లోపల గాలి ఆడదు, నాలుగు వేపాకు రెమ్మలు వేసినా.

ఇప్పుడు ఒంటిమిట్ట సంగతి. రాములోరి కల్యాణం ఆడ రాత్రి పూట కదా, మా ఇంటికి 25 కిలోమీటర్లే, అందుకని చుట్టాలంతా అది చూసుకుని మా ఇంటికే వస్తారు. మా మామ ముందే వచ్చి కొత్త మంచం మీద గుర్రుపెట్టి పనుకున్నాడు. పదకొండు దాటినాక మా ఆడబిడ్డోళ్ళు దిగినారు, పిల్లలతో సహా. పరుపులు యాడున్నాయి? మామ కింద! లేపుదామంటే పెద్దాయన, లేపకపోతే వీళ్ళు ఉత్త బండల మీద. చివరికి మా ఆడబిడ్డే "ఒక్క నిమిషం లెయ్" అని లేపింది, నాకైతే ధైర్యం చాల్లేదు. అప్పటినుంచి ఒక జత పరుపులు, దిండ్లు కర్టెన్ వెనక గూట్లోనే పెడతా. పెట్టె లోపలికి సంవత్సరానికి ఒకసారి తీసేవే.

కాబట్టి నా మాట, ఫోమ్ పరుపు ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి, రూము నిజంగా మారిపోతాది. దూది పరుపు అయితే మాత్రం, ఫ్రీగా ఇచ్చినోళ్ళు ఏమనుకున్నా సరే, వద్దు. మీ వీధి కార్పెంటర్‌తో పక్కకు లాగే రెండు డ్రాయర్ల మంచం చేయించుకోండి, లాగడానికి రెండడుగులు వదిలిపెట్టమని ముందే చెప్పండి. దాంట్లో అయితే మామ పనుకున్నా పరుపు తీయొచ్చు.