పాత కారుకు బీమా: పాలసీలో ముందుగా వెతకాల్సిన మాట

[దృశ్యం: షెడ్డులో గుడ్డ కప్పిన కారు. ఎవరో గుడ్డను మెల్లగా తీస్తారు. గుండ్రటి హెడ్‌లైటు, క్రోమ్ బంపరు కనబడతాయి.]

నమస్కారం. ఈ కారు వయసు 60 ఏళ్లు దాటింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కోసం దీని యజమాని రెండేళ్లు వెతికారు. కారు మొదట్లో ఏ రంగులో ఉండేదో తెలుసుకోవడానికి డాష్‌బోర్డు విప్పి, వెనక ఎండ తగలని రేకును చూశారు. అంత పట్టుదల గల మనిషి బీమా దగ్గరకు వచ్చేసరికి ప్రీమియం ఎక్కడ తక్కువుందో చూసి, పది నిమిషాల్లో పని ముగించారు. పాత కారును ప్రాణంగా చూసుకుంటూ బీమాను మాత్రం ఇలా తేల్చేసేవారు చాలామంది ఉన్నారు. ఈ వీడియో వాళ్ల కోసమే.

పాత కారు బీమాలో మనం నిజంగా కొనేది ఒక అంకె. కారు పూర్తిగా పోయిన రోజున చేతికి ఎంత వస్తుందన్న అంకె. దాన్ని కారు బాగున్న రోజే తేల్చుకోవాలి.

[తెర మీద: ఎడమ నుంచి కుడికి దిగుతూ వచ్చే గీత]

మామూలు పాలసీకి ఒకటే లెక్క తెలుసు. కారు షోరూం దాటిన రోజు నుంచి ఏటా కొంత విలువ తగ్గిస్తూ పోతుంది. దాన్నే తరుగుదల అంటారు. రోజూ ఉద్యోగానికి తిరిగే కారుకు ఈ లెక్క సరైనదే. కానీ చక్కగా కాపాడుకున్న పాత కారు విషయంలో ఆ గీత ఒకచోట ఆగి పైకి తిరుగుతుంది. అలాంటి బళ్లు మిగిలినవి కొన్నే, కావాలనుకునేవారు ఎందరో. ఈ మలుపు మామూలు పాలసీ లెక్కలో ఉండదు. 60 ఏళ్లు తరిగిన కారుకు అది కట్టే విలువ పాత ఇనుము ధరకు ఎంతో దూరంలో ఉండదు.

అందుకే పాత కార్లకు ప్రత్యేక పాలసీలు వచ్చాయి. ఈ రంగంలో ఇప్పుడు బాగా పేరున్న అమెరికా సంస్థ హాగర్టీ 1984లో చెక్క పడవల బీమాతో మొదలైంది, కార్ల వైపు తర్వాత వచ్చింది. నాకు ఈ సంగతి ఇష్టం. చెక్క పడవైనా పాత కారైనా, విలువ తయారైన సంవత్సరంలో కాక దాన్ని కాపాడుకున్న తీరులో ఉంటుంది. ఆ ఆలోచన మీదే ఈ పాలసీలు నిలబడ్డాయి.

[తెర మీద రెండు మాటలు పక్కపక్కన: అగ్రీడ్ వాల్యూ, స్టేటెడ్ వాల్యూ]

ఇక్కడ కాస్త నిదానంగా వినండి. వినడానికి ఈ రెండు మాటలూ ఒకేలా ఉంటాయి. రెంటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

అగ్రీడ్ వాల్యూ అంటే ఒప్పుకున్న విలువ. ఫొటోలు, కాగితాలు చూసి, అవసరమైతే నిపుణుడి చేత వెల కట్టించి, కారు విలువ ఇంత అని మీరూ బీమా సంస్థా ముందే ఒప్పుకుంటారు. కారు పూర్తిగా పోతే ఆ మొత్తంలోంచి డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిములో మీరు భరించాల్సిన వాటా, తీసేసి మిగిలింది ఇస్తారు. ఆ రోజున బేరాలుండవు, తరుగుదల ఊసే ఉండదు.

స్టేటెడ్ వాల్యూ అంటే మీరు చెప్పిన విలువ. చెప్పింది మీరే, సంస్థ ఒప్పుకోలేదు. ఇలాంటి పాలసీల షరతుల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: చెప్పిన విలువ, నష్టం జరిగిన రోజున ఉన్న అసలు విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది చెల్లిస్తాం. అంటే ప్రీమియం పెద్ద అంకె మీద కడతారు, డబ్బు చిన్న అంకె ప్రకారం తీసుకుంటారు. పాలసీలో ముందుగా వెతకమన్నది ఈ మాటనే: ‘ఏది తక్కువైతే అది’. కనబడితే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పేర్లు దేశానికొకటి, సంస్థకొకటి ఉంటాయి కాబట్టి పాలసీ పైన ఏ పేరుందో పట్టించుకోకండి. చెల్లింపు షరతు చదవండి.

[తెర మీద: 100, 40, 35 అనే మూడు అంకెలు]

విలువ తక్కువ రాయించుకుంటే పోయేది డబ్బే అనుకుంటారు. కారే పోతుంది. ఎలాగంటారా? కారు అసలు విలువ 100 అనుకోండి, పాలసీలో 40 అని ఉంది. ఎవరో పక్క నుంచి గుద్దారు. ఒక తలుపు, ఒక మడ్‌గార్డు నలిగాయి. చేత్తో రేకు మలిచే పనివాడు చేయాలి కాబట్టి ఖర్చు 35 అవుతుంది. మీ కళ్లకు అది చిన్న దెబ్బ. బీమా లెక్కలో మాత్రం 40 విలువైన బండికి 35 ఖర్చు. బాగుచేయించడం కంటే టోటల్ లాస్, అంటే కారు పూర్తిగా పోయినట్టు, తేల్చి 40 చేతిలో పెట్టి, దెబ్బతిన్న బండిని తీసుకుని అమ్ముకోవడమే వాళ్లకు మేలు. అలా తేలిన కారు చాలాచోట్ల రికార్డుల్లో సాల్వేజ్ బండిగా, అంటే ఒకసారి పూర్తిగా పోయిందని తేల్చిన బండిగా, నమోదవుతుంది. తర్వాత బాగుచేసినా ఆ మచ్చ వదలదు, వెల పడిపోతుంది. పాలసీలో 100 అని ఉంటే అదే దెబ్బ మామూలు రిపేరుగా ముగిసేది. ప్రీమియంలో నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి విలువ తగ్గించి రాయించేవారిని చూస్తే నా గుండె తరుక్కుపోతుంది.

అందుకే మరొకటి కూడా అడగండి. కారు టోటల్ లాస్ అయితే దెబ్బతిన్న బండిని మీ దగ్గరే ఉంచుకునే హక్కు ఉందా? ఎంత తగ్గించి ఇస్తారు? ఇంజిను, గేర్‌బాక్సు, అసలు నంబర్లున్న ఛాసిస్ బాగుంటే ఆ కారుకు ఇంకా ప్రాణమున్నట్టే.

[దృశ్యం: ఇంజిను మీద చెక్కిన నంబరు, దగ్గరగా]

మరి ఆ 100 అన్న అంకెను నమ్మించేది ఏమిటి? సాక్ష్యం. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు, కారు నాలుగు వైపులా, కింద భాగం, డిక్కీ లోపల, ఓడోమీటరు, అన్నింటికీ పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. పనివాళ్లు ఇచ్చిన ప్రతి బిల్లూ దాచండి. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి ఇంజినే ఇప్పటికీ ఉంటే అది పెద్ద విషయం, రాతపూర్వకంగా చెప్పండి. మారి ఉంటే అదీ చెప్పండి. దాచిన సంగతి క్లెయిము రోజున బయటపడితే మొత్తం ఒప్పందమే చెల్లదనవచ్చు. ఈ ఫైలు నకలు ఒకటి షెడ్డుకు దూరంగా ఉండాలి. కారుతో పాటు కాగితాలూ కాలిపోయాక వెతుక్కోవడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమే.

వెల ఒకసారి కట్టించి వదిలేయకూడదు. కొన్ని మోడళ్ల ధర రెండు మూడేళ్లలోనే చాలా పెరుగుతుంది, కొన్నిటిది తగ్గుతుంది. పాలసీ తిరగరాసే ప్రతిసారీ అంకెను మళ్లీ చూడండి.

[తెర మీద: ‘క్లాసిక్’ అంటే ఎన్నేళ్లు?]

దీనికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966 నుంచి ఉంది. దాని నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనానికి కనీసం 30 ఏళ్లుండాలి, చరిత్రకు తగిన స్థితిలో కాపాడుకోవాలి, రోజువారీ రవాణాకు వాడకూడదు. బీమా సంస్థలు మాత్రం ఎవరి గీత వాళ్లు గీసుకుంటాయి. కానీ ఆ మూడో షరతు, రోజూ వాడకూడదన్నది, దాదాపు అందరిలోనూ కనబడుతుంది.

పాత కారు పాలసీ చాలాసార్లు మామూలు పాలసీ కంటే చవకగా రావడానికి కారణం అదే. కారు తక్కువ తిరుగుతుంది, తాళం వేసిన చోట ఉంటుంది, నడిపేవాళ్లు జాగ్రత్తపరులు. ఈ మూడూ నిజమని నమ్మి తక్కువ ధర ఇస్తారు. అందుకే రోజువారీ పనులకు మీకు వేరే కారు ఉందా అని అడుగుతారు, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెడతారు. ప్రదర్శనలకు, క్లబ్బు వాళ్లతో కలిసి వెళ్లే యాత్రలకు, ఆదివారం షికారుకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. పందేలకు, ట్రాకు మీద వేగానికి మామూలుగా రక్షణ ఉండదు. మీరు ఏడాదికి ఎంత తిప్పుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కారును బయటికి తీయడం మీకు సంతోషమైతే ఎక్కువ కిలోమీటర్ల పాలసీయే కొనండి. హద్దుకు భయపడి కారును షెడ్డులో బంధించడం నాకు అసలు నచ్చదు. నిలిచిపోయిన కారు పాడవుతుంది కూడా.

[దృశ్యం: ఇంజిను గదిలో పగుళ్లు పట్టిన రబ్బరు గొట్టం]

నిలిచి ఉన్న కారుకు ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. పాత ఇంధన గొట్టాలు ఇప్పటి పెట్రోలు కోసం చేసినవి కావు. ఇందులో కలిపే ఇథనాల్ పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది, పగిలేలా చేస్తుంది. పెట్రోలు చుక్క చుక్కగా కారుతుంది. మరోవైపు వైర్ల మీద గుడ్డ తొడుగు చివికిపోయి ఉంటుంది. 6 వోల్టుల బండ్లలో అయితే అంతే శక్తికి 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు పారుతుంది. మధ్యలో ఎవరో సన్నని వైరు అతికి ఉంటే అది వేడెక్కుతుంది. నిప్పుకు ఇంకేం కావాలి? కాబట్టి కారును ఆరు నెలలు బయటికి తీయకపోయినా పాలసీ రద్దు చేయకండి. అగ్నికి, దొంగతనానికి మాత్రమే వర్తించే తక్కువ ధర పాలసీ ఉందేమో అడగండి. ఆ గొట్టాలను ఈ వారమే మార్పించండి.

కారును విప్పి బాగుచేయిస్తున్నవారికి ఒక మాట. ఆ సమయంలో బాడీ ఒకచోట, ఇంజిను మరోచోట, సీట్లు ఇంకోచోట ఉంటాయి. ఎక్కడున్న భాగానికైనా రక్షణ వర్తిస్తుందని రాసివ్వమనండి. పెట్టిన ఖర్చుతో పాటు విలువ పెంచుకుంటూ పోయే ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. ఏళ్ల తరబడి కూడబెట్టిన విడిభాగాలకూ చాలాచోట్ల విడిగా రక్షణ దొరుకుతుంది.

తుప్పు, అరుగుదల, ఇంజిను చెడిపోవడం మాత్రం ఏ పాలసీలోనూ ఆశించకండి.

[దృశ్యం: ఫోను పక్కన తెరిచిన ఫైలు, కలం]

ఇక కొనడానికి కూర్చున్నప్పుడు. కంప్యూటర్‌లో వివరాలు నింపుదామంటే చాలా ఫారాలు 17 అక్షరాల గుర్తింపు సంఖ్య అడుగుతాయి. అమెరికాలో అది 1981 మోడళ్ల నుంచే వచ్చింది. అంతకు ముందు కార్లకు నంబరు పొట్టిగా ఉంటుంది, ఫారం తప్పు అంటుంది. ఫోను చేసి మనిషితోనే మాట్లాడండి. రిపేరు చేసే పనివాడిని ఎంచుకునే హక్కు మీదేనా, కారు మధ్యలో ఆగిపోతే గొలుసుతో ఈడ్చుకుపోకుండా లారీ మీదకెక్కించి తెస్తారా, ఇవన్నీ అడగండి. చివరగా ఇది అడగండి: రేపు ఈ కారు కాలి బూడిదైతే నాకు ఎంత ఇస్తారు, ఆ వాక్యం పాలసీలో ఏ పేజీలో ఉంది? పేజీ నంబరు చెప్పగలిగినవారిని ఆ పేజీ పంపమనండి.

[దృశ్యం: షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. ఇంజిను మొదటి చప్పుడు. కారు మెల్లగా ఎండలోకి వస్తుంది.]